రిటైరయ్యాక అమెరికా: కూతురి పెద్దిల్లా, ఎడిసన్‌లో అద్దిల్లా, ఆరేసి నెలలా? ఎక్కడ పొద్దుపోతుంది?

"రిటైరయ్యాం, పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు, గ్రీన్ కార్డు కూడా వచ్చేస్తుందట, వెళ్లిపోదామనుకుంటున్నాం వదినా, కానీ అక్కడ పొద్దుపోతుందా?" అని అడగని చుట్టం లేదు నాకు. వీసా కాగితాలు పిల్లలు చూసుకుంటారు, డబ్బు సంగతి ఎవరి లెక్క వాళ్లకుంటుంది, ఈ పొద్దుపోవడం సంగతి మాత్రం విమానం దిగి ఒకట్రెండు నెలలు గడిస్తే గానీ తెలియదు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, మా వారు బ్యాంకులో చేశారు. అమ్మాయి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది, అబ్బాయి న్యూజెర్సీలో. మొదట్లో విజిటర్ వీసా మీద వచ్చి పోయేవాళ్లం, గ్రీన్ కార్డు వచ్చాక కొంతకాలం అమ్మాయి ఇంట్లోనే ఉన్నాం, ఇప్పుడు అబ్బాయి ఇంటికి దగ్గర్లో ఎడిసన్‌లో ఒక సింగిల్ బెడ్‌రూమ్ అద్దెకు తీసుకుని మేమిద్దరమే ఉంటున్నాం. మూడూ చూశాం కాబట్టి చెప్తున్నాను. నా ఓటు ఎడిసన్‌కే, కానీ అందరికీ అదే నప్పుతుందని అనను.

ముందు పెద్దిల్లు. ఫ్రిస్కోలో ఇల్లు చూస్తే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. మన కోసం కింద ప్రత్యేకంగా గది, దానికి బాత్రూమ్, వెనకాల గార్డెన్, పూజగది, అన్నీ. ఉదయం ఎనిమిదిన్నరకి అల్లుడు, అమ్మాయి, పిల్లలు వెళ్లిపోయి గ్యారేజ్ తలుపు కిందికి దిగాక మొదలవుతుంది అసలు కథ. వీధిలో మనిషి కనపడడు. కార్లు కనపడతాయి, అవి ఇంట్లోంచి వచ్చి ఇంట్లోకే పోతాయి, లోపల ఎవరున్నారో కూడా తెలియదు. మా వారికి రోజులో పెద్ద పని ఏమిటంటే ఉత్తరాలు తేవడం. అక్కడ ఇంటికో పోస్టు డబ్బా ఉండదు, వీధి మొత్తానికి ఒకచోట తాళాలు వేసిన పెట్టెల వరస ఉంటుంది. ఆయన తాళంచెవి పట్టుకుని టోపీ పెట్టుకుని వెళ్లి, పిజ్జా కూపన్లు, పళ్ల డాక్టర్ల కరపత్రాలు తెచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివేవారు. వడగళ్ల వాన పడిందంటే చాలు, ఇంటి పైకప్పు బాగుచేస్తామనే కాగితాలు కుప్పలుగా వస్తాయి, ఆ వారం ఆయనకి పండగే. నలభై ఏళ్లు కౌంటర్ ముందు జనంతో మాట్లాడిన మనిషి అలా పిజ్జా కూపన్ చదువుతుంటే నాకు నవ్వొచ్చేది, తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

నడిచి ఎక్కడికైనా పోదామంటే పార్కు ఉంది, వాకింగ్ ట్రాక్ ఉంది, చెరువు ఉంది, అందులో బాతులు కూడా ఉన్నాయి, కానీ కొత్తిమీర కట్ట కొనుక్కునే కొట్టు లేదు. డాలస్ చుట్టుపక్కల బస్సులు, రైళ్లు నడిపే డార్ట్‌లో ఫ్రిస్కో సభ్య నగరం కాదు, కాబట్టి వీధి చివర బస్సెక్కి ఎటైనా పోవడమన్న మాటే లేదు. కారు నడపడం రాకపోతే ఊబరే దిక్కు, దానికి డాలర్లు లెక్కేసుకుని ఇంట్లోనే కూర్చుంటాం. జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటితే ఆ పార్కుకు కూడా పొద్దున్నే పోయి రావాల్సిందే.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఫోన్ ఉందిగా, ఊళ్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చు అనుకుంటాం. ఎండాకాలంలో డాలస్ మన టైముకి పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే ఇక్కడ ఉదయం పదకొండయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో అయిపోతుంది, అందరూ పడుకుంటారు. సరిగ్గా ఇంట్లో ఎవరూ లేక మనకి ఏమీ తోచని ఆ పదకొండు నుంచి నాలుగు దాకా, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి భూమ్మీద ఉండడు. సాయంత్రం అక్కడ తెల్లారి వాళ్లు ఫోన్ చేసే వేళకి ఇక్కడ పిల్లలు వచ్చేస్తారు, అప్పుడు మాట్లాడటం కుదరదు.

ఆడవాళ్లకి వంటిల్లు ఉంది కదా, పొద్దుపోతుంది అంటారు. కొంతవరకు నిజమే, మగవాళ్ల కంటే మనం కొంచెం నయం. కానీ అది అమ్మాయి వంటిల్లో, కోడలి వంటిల్లో అయి ఉంటుంది గానీ మనది కాదు. ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లిష్టం, పైగా వాళ్లు వారానికి సరిపడా ఆదివారమే వండి ఫ్రిజ్‌లో పెట్టేసుకునే రకం. "అమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో" అంటారు, ప్రేమగానే అంటారు. ఆ రెస్టే కదా మనకి పడనిది!

మనవలు పసివాళ్లయితే ఈ గొడవంతా ఉండదు. పాలు, స్నానం, నిద్ర, పార్కు, మళ్లీ పాలు, తలెత్తే టైముండదు. మా అమ్మాయి ఇంటి దగ్గర రాజమండ్రి నుంచి వచ్చిన ఒకావిడ "నాకసలు బోర్ అన్నదే తెలియదండీ" అనేవారు. మనవడికి అయిదేళ్లు నిండి కిండర్‌గార్టెన్‌లో పడ్డాక ఆవిడే సాయంత్రం మూడింటికి వచ్చే స్కూల్ బస్సు కోసం రెండింటికే వచ్చి వీధి మొగలో నిలబడేవారు. పిల్లల్ని పెంచడానికే వెళ్తున్నవాళ్లు, అది అయిదేళ్ల డ్యూటీ అని, ఆ తర్వాత ఏంటన్నది ఇప్పుడే అడగండి.

పెద్దింట్లో మంచి లేదా అంటే ఉంది. ఖర్చు లేదు. ఒంట్లో బాగోకపోతే పక్క గదిలోనే పిల్లలు. మనవరాలు నిద్ర కళ్లతో వచ్చి పక్కలో దూరుతుంది, దానికి ఏ అద్దిల్లూ సాటి రాదు. శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి తీసుకెళ్తారు, అక్కడ తెలుగువాళ్లు బోలెడంత మంది. సమస్యల్లా సోమవారం నుంచి శుక్రవారం దాకానే.

ఇప్పుడు ఎడిసన్. ఇల్లు అగ్గిపెట్టె. పై వాటాలో పిల్లలు గెంతుతుంటే మన సీలింగ్ అదురుతుంది. అద్దె నెలకు 2000 డాలర్ల చుట్టుపక్కల, అంటే మన పెన్షన్ 50,000 రూపాయలైతే డాలర్లలో 600 కూడా రాదు, మిగతాది పిల్లలు పెట్టాల్సిందే, అది మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. ఇవన్నీ ఒప్పుకుని కూడా ఎందుకు మేలంటున్నానంటే, తలుపు తాళం వేసి ఎవర్నీ అడగకుండా బయటికి పోవచ్చు. ఎడిసన్, ఐసెలిన్ మీదుగా పోయే ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయల కొట్లు, చీరల కొట్లు, మిఠాయి కొట్లు, టిఫిన్ సెంటర్లు వరసగా ఉంటాయి. దొండకాయలు ఏరుకుంటుంటే పక్కనున్న గుజరాతీ ఆవిడ ఇంకా మంచివి అటు ఉన్నాయని చేత్తో చూపిస్తుంది, మాకిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పావుగంట మాట్లాడుకుంటాం. మా వారు రోజూ పదింటికి టీకి వెళ్తారు. అక్కడ నలుగురైదుగురు జమవుతారు, ఒకాయన నెల్లూరు, ఒకాయన వరంగల్, ఒక తమిళాయన, ఒక పంజాబీ సర్దార్జీ. రాజకీయాలతో మొదలై మోకాళ్ల నొప్పులతో ముగుస్తుంది. ఒకరోజు ఈయన వెళ్లకపోతే సాయంత్రం లోపల ఫోన్ వస్తుంది, ఏమయిందని.

ఐసెలిన్‌లో మెట్రోపార్క్ స్టేషన్ ఉంది, అక్కడ రైలెక్కితే నేరుగా న్యూయార్క్. న్యూజెర్సీ ట్రాన్సిట్‌లో 62 ఏళ్లు నిండినవాళ్లకి రాయితీ టికెట్ ఉంటుంది. మేమేమీ రోజూ న్యూయార్క్ పోం, కానీ పోవాలంటే పోగలమన్న ధైర్యమే వేరు.

చలికాలం మాత్రం ఇక్కడ మహా కష్టం. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి. మంచు పడి కరిగి మళ్లీ గడ్డకడితే రోడ్డు మీద కంటికి కనపడని గాజు పలకలా ఉంటుంది, ఈ వయసులో జారిపడితే తుంటి ఎముక సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మాకూ ఇల్లే గతి. ఈ ఒక్క విషయంలో ఫ్రిస్కో నయం, అక్కడ జనవరిలో చాలా రోజులు హాయిగా నడవొచ్చు.

మూడోది ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. విజిటర్ వీసా మీద వస్తే ఎయిర్‌పోర్టులో మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. మొదటి రెండు నెలలు నయాగరా, వాషింగ్టన్, చుట్టాల ఇళ్లు. మూడో నెల పర్లేదు. నాలుగు, అయిదు నెలలు క్యాలెండర్ చూసుకుంటూ గడుస్తాయి. ఆరో నెల షాపింగ్, సూట్‌కేసులు తూకం వేయడం. తిరుగు టికెట్ తేదీ తెలిసి ఉంటే విసుగును భరించడం తేలికే, శాశ్వతంగా వచ్చేసినవాళ్లకి ఆ సుఖం లేదు. ఊళ్లో ఇల్లు, పొలం, భజన మండలి, పెన్షనర్ల సంఘం, ఇలా ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నవాళ్లకి ఇదే మంచిది, వాళ్లని గ్రీన్ కార్డు పేరుతో పిల్లలు లాక్కురావడం నాకు నచ్చదు. ఊళ్లో ఎవరూ లేనివాళ్లకి మాత్రం ఇది రెండు చోట్లా అతిథిగా ఉన్నట్టే అవుతుంది. ఊరికి తిరిగి వెళ్లేసరికి దుమ్ము, బల్లులు, మోటారు చెడిపోవడం, పనిమనిషి మానేయడం, అవన్నీ సర్దుకునేసరికి మళ్లీ ప్రయాణం.

గ్రీన్ కార్డు పెట్టుకుని ఆరేసి నెలలు తిరగొచ్చు కదా అంటారు. తిరిగేవాళ్లున్నారు. కానీ ఆ కార్డు ఇక్కడ స్థిరంగా ఉండేవాళ్ల కోసం, మాటిమాటికీ ఎక్కువ కాలం బయటుంటే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు తప్పవు, ఏడాది దాటి బయటుండాలంటే మళ్లీ లోపలికి రానిచ్చే రీఎంట్రీ పర్మిట్ వెళ్లే ముందే తీసుకోవాలి. ఉద్యోగం చేయనివాళ్లు 65 ఏళ్లు దాటాక డబ్బు కట్టి మెడికేర్‌లో, అంటే పెద్దవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో, చేరాలన్నా ఇక్కడ వరసగా అయిదేళ్లు ఉండాలి. అంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టి మెడికేర్ కూడా కావాలంటే కుదరదు.

నాలుగోది కూడా ఒకటుంది, భారతీయ వృద్ధుల కోసమే కట్టిన కాలనీలు. ఫ్లోరిడాలో టవారెస్ దగ్గర శాంతినికేతన్ అలాంటిదే. సొంత ఫ్లాట్ కొనుక్కోగలిగిన స్తోమత ఉండి, పిల్లలకి విమానమంత దూరంలో ఉన్నా ఫర్వాలేదనుకునేవాళ్లు ఆలోచించవచ్చు. మేం ఆ రెండూ కాదు.

ఎక్కడున్నా రోజంతా ఏం చేయాలన్నదానికి టీవీ సీరియల్ జవాబు కాదు, దానికి ఎన్ని గంటలిచ్చినా మింగేస్తుంది, సాయంత్రం అడిగితే ఏం చూశామో గుర్తుండదు. లైబ్రరీ బాగుంటుంది. లోపలికి వెళ్లి కూర్చోవడానికి కార్డు కూడా అడగరు, చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లీషు మాట్లాడటం ఉచితంగా నేర్పుతారు. ఆ క్లాసులో నాతో పాటు ఒక చైనా తాతగారు, ఒక కొలంబియా అమ్మాయి ఉండేవారు, తప్పులన్నీ కలిసే మాట్లాడేవాళ్లం. కానీ లైబ్రరీకి మనం వెళ్లకపోయినా ఎవరికీ పట్టదు. గుడిలో దండలు కట్టడం, ప్రసాదం పొట్లాలు కట్టడం ఇంకొంచెం మేలు, మనం రాకపోతే ఆ పని ఆగుతుంది. నేను ఆదివారాలు ఇక్కడి పిల్లలకి తెలుగు చెప్తున్నాను. సిలికానాంధ్ర మనబడి లాంటివి 2007 నుంచీ ఉన్నాయి, టీచర్లు కావాలని ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు. "ళ" దగ్గర నాలుక మడతపడక ఏడుపు మొహం పెట్టే ఏడేళ్ల పిల్ల కోసం నేను శనివారం రాత్రి కూర్చుని కార్డులు రాస్తుంటాను, రిటైరయ్యానన్న సంగతి కూడా గుర్తుండదు.

ఇక జీతం వచ్చే పని. గ్రీన్ కార్డు ఉంటే చేసుకోవచ్చు, ఇండియన్ స్టోర్లో, డే కేర్లో, స్కూల్ క్యాంటీన్‌లో. న్యూజెర్సీలో కనీస వేతనం గంటకు 15 డాలర్ల పైనే, టెక్సస్‌లో 7.25. "బ్యాంకులో మేనేజర్‌గా చేసి ఇక్కడ బియ్యం మూటలు సర్దడమేంటి" అని మా వారి తమ్ముడు ఊరి నుంచి బాధపడిపోతాడు. నా లెక్క ప్రకారం నడుము సహకరిస్తే సర్దితే తప్పేం లేదు, పైగా పదేళ్లు పనిచేసి 40 క్రెడిట్లు (పని చేసి సంపాదించుకునే పాయింట్ల లాంటివి) కూడితే మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ కి ప్రీమియం కట్టక్కరలేదు. అరవై దాటి వచ్చినవాళ్లకి పదేళ్లంటే ఎక్కువే అనుకోండి. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం తెలిసినవాళ్ల ఇంట్లో అయినా సరే జీతానికి పిల్లల్ని చూడటం, వంట చేయడం పెట్టుకోకండి. బోర్ పోతుందో లేదో గానీ వీసా పోతుంది.

కాబట్టి, మనవలు అయిదేళ్ల లోపు వాళ్లయితే పిల్లల ఇల్లే మేలు. ఊళ్లో ఆసరా గట్టిగా ఉంటే ఆరేసి నెలలు మేలు. మిగతావాళ్లందరికీ, ముఖ్యంగా జనంలో తిరిగి అలవాటైన మగవాళ్లకి, కొట్టూ బస్సూ నడిచే దూరంలో ఉన్న చిన్న అద్దిల్లే మేలు, అది ఎడిసనే కానక్కరలేదు. పిల్లలు కొత్తిల్లు కొనే ముందు మిమ్మల్ని అడిగితే ఎన్ని పడక గదులని అడగకండి, నడిచి వెళ్లే దూరంలో ఏముందని అడగండి.

శాశ్వతంగా రావాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒకసారి వచ్చి చూద్దామనుకుంటే మే నెలలో రావద్దు. అందరూ మేలోనే వస్తారు, పూలూ పార్కులూ పిల్లల సెలవులూ చూసి బ్రహ్మాండంగా ఉందని వెళ్లిపోతారు. సంక్రాంతి వెళ్లాక జనవరి చివర్లో రండి, అప్పుడు టికెట్లు కూడా మామూలుగా కొంచెం తక్కువే ఉంటాయి.