బ్యాట్‌మ్యాన్: స్కాట్ స్నైడర్ సంపుటాలా, టామ్ కింగ్ సంపుటాలా, ఏవి మేలు?

అమెరికా బొమ్మల కథల (కామిక్స్) సంస్థ డీసీ 2011 సెప్టెంబరులో ‘బ్యాట్‌మ్యాన్’ పత్రికను మళ్లీ ఒకటో సంచిక నుంచి ఆరంభించినప్పుడు రచన బాధ్యతను స్కాట్ స్నైడర్‌కు అప్పగించింది. ఆయన 2016 దాకా దాదాపు యాభై సంచికలు రాశారు. అదే ఏడాది జూన్‌లో టామ్ కింగ్ ఆ బాధ్యతను అందుకుని, రెండు వారాలకు ఒకటి చొప్పున, మధ్యలో కొద్ది సంచికలు ఇతరులకు విడిచి, 2019 డిసెంబరులో 85వ సంచికతో ముగించారు. ఇప్పుడు స్నైడర్ రచన పది సంపుటాలుగా, కింగ్ రచన పదమూడు సంపుటాలుగా దొరుకుతున్నాయి. నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాలలో పోటీపరీక్షల పుస్తకాలు దొరికినంత సులువుగా ఇవి దొరకవు కాబట్టి, చెన్నై వెళ్లే వారి చేత తెప్పించుకోవడమో ఆన్‌లైన్‌లో కొనుక్కోవడమో తప్ప మాకు మార్గం లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలులలో ఉండే మేము కొద్దిమంది మిత్రులం ఒకరు కొన్నది మరొకరికి ఇచ్చుకుంటూ చదువుతాము. ఈ ఇద్దరిలో ఎవరి సంపుటాలకు డబ్బు పెట్టాలన్న విషయంలో మాత్రం మాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. స్నైడర్‌ను అందరూ కాస్త హెచ్చుతగ్గులతో మెచ్చుకుంటారు. కింగ్ పేరెత్తితే సగం మంది లేచి నిలబడతారు, మిగిలిన సగం మంది లేచి వెళ్లిపోతారు.

ఒకరు నడిపిన కథను మరొకరు అందుకోవడం మన రెండు జిల్లాల పాఠకులకు వింతేమీ కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో విడిచిన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకున్న తిక్కన నెల్లూరివాడు. మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఆ తరువాత పూరించిన ఎర్రన అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. ఎర్రన తన పూరణను నన్నయ పోకడతో ఆరంభించి, క్రమంగా తిక్కన పోకడకు చేర్చి, అతుకు కనబడకుండా చేశాడని పెద్దలు చెబుతారు. తిక్కన అటువంటి దాపరికమేమీ పెట్టుకోకుండా తన తెలుగును, తన నాటకీయతను మొదటి పద్యం నుంచే చూపించాడు. స్థాయిని పోల్చే సాహసం నేను చేయను గానీ, అందుకున్న కథను నడిపే పద్ధతులు ఈ రెండే అనుకుంటే, స్నైడర్ వెనకటివారి బ్యాట్‌మ్యాన్‌ను చాలావరకు అలాగే ఉంచి అతని ఊరిని కొత్తగా చూపించారు. కింగ్ ఊరిని అలాగే ఉంచి మనిషిని మార్చబోయారు. అభిమానుల మెప్పుకూ కోపానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

స్నైడర్ మొదటి పదకొండు సంచికలలో సాగే గుడ్లగూబల సభ కథ ఆయన రచన మొత్తంలో శ్రేష్ఠమైనదని మాలో ఎవరూ కాదనరు. గోథమ్ నగరంలోని ప్రతి వీధినీ ఎరుగుదునని నమ్మే బ్రూస్ వేన్‌కు (బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనక మనిషి ఇతడే), తరతరాలుగా ఆ నగరాన్ని చాటునుంచి ఏలుతున్న ఒక రహస్య కూటమి ఉందనీ, దాని హంతకులు తన పూర్వీకులు కట్టించిన భవనాలలోనే మకాం పెట్టారనీ తెలియడం ఈ కథకు ఆయువుపట్టు. 2012 జనవరిలో వచ్చిన అయిదో సంచికలో బ్యాట్‌మ్యాన్ ఒక చిక్కుదారుల భవనంలో చిక్కుకుని మతి తప్పుతున్నకొద్దీ పుటలు పక్కకు ఒరిగి, ఆపైన తలకిందులవుతాయి. పాఠకుడు పుస్తకాన్ని చేతిలో తిప్పుకుంటూ చదవవలసి వస్తుంది. రచయిత ఆలోచన, చిత్రకారుడు గ్రెగ్ కపుల్లో పనితనం విడదీయరానంతగా కలిసిన సంచిక అది. కపుల్లో దాదాపు చివరిదాకా స్నైడర్‌తోనే ఉండడం వల్ల పది సంపుటాలలో చాలావరకు ఒకే ముఖం, ఒకే నడక ఉన్నాయి. కింగ్‌కు ఆ సౌకర్యం లేదు. రెండు వారాలకొక సంచిక ఇవ్వాలంటే ఒక్క చిత్రకారుడి వల్ల కాదు కనుక డేవిడ్ ఫించ్, మికెల్ హానిన్, క్లే మాన్, జోయెల్ జోన్స్, లీ వీక్స్ వంటివారు వంతులవారీగా బొమ్మలు వేశారు.

స్నైడర్‌లో లోపం ముగింపుల దగ్గర కనిపిస్తుంది. గుడ్లగూబల కథ చివర లింకన్ మార్చ్ తాను బ్రూస్‌కు తోడబుట్టిన వాడినని చెప్పుకుంటాడు. అది నిజమో అబద్ధమో తేల్చకుండానే కథ ముందుకు వెళ్లిపోతుంది. ఆ తరువాతి కథలో బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్ తన ముఖచర్మాన్నే తొడుగుగా తగిలించుకుని తిరిగివచ్చి, బ్యాట్‌మ్యాన్ పరివారాన్ని అంతా విందుబల్ల దగ్గర కట్టివేసి, వారి ముఖాలూ కోసేశాడేమోనన్న భయం పుట్టిస్తాడు. మూత తీసి చూస్తే అదంతా బూటకం. కుటుంబంలో మరణం సంభవిస్తుందని శీర్షికలోనే ఆశ పెట్టి ఎవరినీ తాకకుండా ముగించారని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు, ఎందుకంటే ఆ కథలో పోయింది ప్రాణం కాదు, పరివారానికి బ్యాట్‌మ్యాన్ మీద ఉన్న నమ్మకం. అతని తొలినాళ్లను మళ్లీ చెప్పిన కథ, పోలీసు కమిషనర్ గోర్డన్‌ను యంత్రకవచంలో బ్యాట్‌మ్యాన్‌గా నిలబెట్టిన కథ కూడా కొందరికి నచ్చలేదు, కానీ ఆ అయిష్టం కోపం దాకా పోలేదు.

కింగ్ విషయం వేరు. ఆయన అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉగ్రవాద నిరోధక విభాగంలో పనిచేసి, ఆ తరువాత రచనకు వచ్చిన మనిషి. బ్యాట్‌మ్యాన్‌ను రాస్తున్న కాలంలోనే, 2018లోనూ 2019లోనూ, ఉత్తమ రచయితగా, కామిక్స్ రంగంలో పేరుమోసిన ఐస్నర్ పురస్కారం అందుకున్నారు. అవే ఏళ్లలో అభిమానులలో ఒక వర్గం ఆయనను పత్రిక నుంచి తప్పించాలని పట్టుబట్టింది. ఈ రెండూ ఒకే రచయిత విషయంలో ఒకేసారి జరగడం నాకు మొదట అర్థం కాలేదు. పదమూడు సంపుటాలూ వరుసగా చదివాక రెండు పక్షాలకూ ఆధారాలు ఉన్నాయనే అనిపించింది.

ఆయన ఎత్తుకున్న ప్రశ్న ఒకటే: బ్యాట్‌మ్యాన్ సంతోషంగా ఉండగలడా? 24వ సంచికలో అతడు వానలో, మేడ కప్పు మీద, ఒకప్పటి దొంగ క్యాట్‌వుమన్ (అసలు పేరు సెలీనా) ముందు పెళ్లి ప్రస్తావన చేస్తాడు. 32వ సంచికలో, అతడు తన గతంలోని ఒక మచ్చను పూర్తిగా ఒప్పుకున్న తరువాతనే, ఆమె సరేనంటుంది. ఆ నడుమ సంచికలూ, ఆ తరువాత యాభై వరకూ వచ్చిన వాటిలో అధికభాగమూ, ఎనభై ఏళ్లుగా నలుగురు చేతులలో నలిగిన ఒక బంధాన్ని పెద్దవాళ్లు పెద్దవాళ్లతో మాట్లాడుకున్నట్టు రాసినవి. మనం మొదట కలిసింది పడవ మీద అని ఒకరు, కాదు వీధిలో అని మరొకరు వాదించుకునే సరదా ఇందులో పదేపదే వస్తుంది. 1940 నాటి తొలి సంచికలో వారి పరిచయం ఓడలో జరిగింది, 1987 నాటి కథలో వీధిలో జరిగింది. రెండు పాత కథల మధ్య వైరుధ్యాన్ని దాచకుండా దంపతుల గిల్లికజ్జాగా మార్చడం నాకు మహా ముచ్చటగా తోచింది. సూపర్‌మ్యాన్, లోయిస్ దంపతులతో కలిసి ఈ జంట తిరునాళ్లకు వెళ్లే 37వ సంచికలో పోరాటమే లేదు. ఒకరి వేషం ఒకరు వేసుకున్న ఇద్దరు వీరులు, తిరుగుడు బల్లలు, కబుర్లు, అంతే. అయినా నేను ఎక్కువసార్లు తెరిచింది ఆ సంచికనే.

ఇక 2018 జూలైలో వచ్చిన 50వ సంచిక. ఏడాదిపాటు ప్రచారం సాగింది, పెళ్లికి ముందుమాటలుగా విడి సంచికలు వచ్చాయి, అమెరికాలో కొన్ని దుకాణాలు విడుదల రాత్రి పెళ్లి వేడుకలే ఏర్పాటు చేశాయి. ఇంతలో ఒక పెద్ద దినపత్రిక విడుదలకు ముందే ముగింపును బయటపెట్టేసింది. బ్యాట్‌మ్యాన్ సుఖంగా ఉంటే ఇక బ్యాట్‌మ్యాన్‌గా ఉండలేడని, అతడు లేకపోతే నగరం నష్టపోతుందని తలచిన సెలీనా పెళ్లిచోటుకు రాకుండానే వెళ్లిపోతుంది. ఆ ఆలోచనను ఆమెలో నాటించినవాడు బ్యాట్‌మ్యాన్ పాత శత్రువు బేన్ అని చివరి పుట చెబుతుంది. మా ఒంగోలు మిత్రుడికి ఈ సంచిక చదివిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. “పెళ్లికి పిలిచి, విస్తరేసి, అన్నం పెట్టకుండా పంపించాడన్నా ఆయన!” అంటాడు. ఆ మాటకు బదులు చెప్పడం కష్టం. కథగా చూస్తే ఆ ముగింపు అన్యాయం కాదు, ఎందుకంటే మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్నకు అది ఒక జవాబే, అదీ మధ్యలో వచ్చిన జవాబు. ప్రచారంగా చూస్తే మాత్రం అన్యాయమే. కొనిపించడానికి ఒక మాట చెప్పి, కొన్నాక మరొకటి ఇచ్చారు. అయితే ఈ తప్పులో రచయిత వాటా ఎంత, అమ్మకపు విభాగం వాటా ఎంత అన్నది విడదీయకుండా అభిమానులు మొత్తం భారాన్ని కింగ్ తల మీదే వేశారని నా అభిప్రాయం.

పెళ్లి తరువాత వచ్చిన మూడు సంచికలను, అంటే 51 నుంచి 53 వరకు ఉన్న కథను, కింగ్‌ను తిట్టేవారు కూడా పక్కన పెట్టి మాట్లాడతారు. మిస్టర్ ఫ్రీజ్ అనే పాత నేరగాడు ముగ్గురు స్త్రీలను చంపాడన్న అభియోగం మీద విచారణ. బ్యాట్‌మ్యాన్ చేతిలో దెబ్బలు తిన్నాక అతడు నేరం ఒప్పుకున్నాడు. జ్యూరీ సభ్యులలో ఒకడిగా బ్రూస్ వేన్ కూర్చుని ఉంటాడు. మిగిలినవారందరూ దోషి అంటుండగా అతడొక్కడే కాదంటాడు, ఎందుకంటే ఆ రాత్రి సెలీనా వెళ్లిపోయిన దుఃఖంలో ముసుగు మనిషి ఎంత గుడ్డిగా కొట్టాడో తెలిసినవాడు అతడొక్కడే. తన గురించి తానే సాక్ష్యం చెప్పలేడు, ఊరుకోనూ లేడు. బ్యాట్‌మ్యాన్ పొరపడడని నమ్మే సామాన్యులతో, అతడు దేవుడు కాడని వాదించవలసిన పని బ్యాట్‌మ్యాన్ మీదే పడుతుంది. లీ వీక్స్ గీసిన ఆ గదిలో దాదాపు అంతా మాటలే, కానీ ఒక్క పుట కూడా బరువనిపించదు. పెళ్లి చెడకపోతే ఈ కథ పుట్టేది కాదన్న సంగతి యాభయ్యో సంచికను తిట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినది. స్నైడర్ రచనలో దీనికి సాటి వచ్చే కథ నాకు కనబడలేదు.

ఆ తరువాతే కింగ్ నిజంగా తడబడ్డారు. 55వ సంచికలో కేజీబీస్ట్ అనే హంతకుడు, బ్యాట్‌మ్యాన్ పెంచిన శిష్యుడు నైట్‌వింగ్ తలకు గురిపెట్టి కాలుస్తాడు. దాని ఫలితంగా నైట్‌వింగ్ సొంత పత్రికలో అతడు గతం మరచిన మనిషిగా చాలాకాలం తిరగవలసి వచ్చింది. ఒకరి కథకు అవసరమైన గాయాన్ని మరొకరి పత్రిక మోయడం అతని అభిమానులకు నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. అరవైల సంచికలలో బ్యాట్‌మ్యాన్ పీడకలలు ఒకదాని తరువాత ఒకటి వరుసకట్టాయి. రెండు వారాలకొక సంచిక కొనేవారికి నెలల తరబడి కలలే అందాయి. కథ అంగుళం కదలలేదు. సంపుటంగా ఒక్క పూటలో చదివితే అంత విసుగు కలగదన్నది నిజమే, కానీ రెండు కలలు చాలే చోట ఏడు కలలు ఎందుకన్న ప్రశ్నకు సంపుటం కూడా సమాధానం చెప్పదు. 2019 ఆగస్టులో వచ్చిన 77వ సంచికలో బ్రూస్ కొడుకు డేమియన్ కళ్లెదుట బేన్, బ్రూస్‌ను పెంచిన ఇంటి సేవకుడు ఆల్ఫ్రెడ్ మెడ విరుస్తాడు. అంతటి మరణానికి దక్కవలసిన నిశ్శబ్దం ఆ కథలో దక్కలేదు, ఎందుకంటే వందకు పైగా సంచికలకు వేసుకున్న ప్రణాళికను 85 దగ్గర ఆపవలసి వచ్చిన తొందర అప్పటికే ప్రతి పుటలో కనిపిస్తోంది. మిగిలిన ప్రేమకథను ఆయన ‘బ్యాట్‌మ్యాన్/క్యాట్‌వుమన్’ పేరిట పన్నెండు సంచికల వేరే వరుసగా ముగించుకున్నారు.

భాష సంగతి కూడా ఇక్కడి పాఠకులు చూసుకోవాలి, ఎందుకంటే మేమంతా వీటిని ఇంగ్లీషులోనే చదువుతున్నాము. స్నైడర్ బొమ్మల పక్కన పొడుగాటి స్వగతాలు రాస్తారు. మాటలు ఎక్కువే అయినా విషయం వెంటనే తేటపడుతుంది. కింగ్ చిన్న మాటలతో, అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ తిప్పుతూ రాస్తారు. ఆ పునరుక్తి ప్రేమ సన్నివేశాలలో పల్లవిలా పనిచేసినా, పోరాటంలో బేన్, జోకర్, బ్రూస్ ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు చేస్తుంది. దీని మీద అభిమానుల ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది.

కాబట్టి మొత్తానికి మొత్తం తూకం వేస్తే స్నైడర్ వైపే ముల్లు మొగ్గుతుంది. ఆయన పది సంపుటాలలో పూర్తిగా చెడిపోయినది ఒక్కటీ లేదు. అయినా నా ఓటు కింగ్‌కే, అదీ 53వ సంచిక దాకా మాత్రమే. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న పాత్రను గురించి నాకు కొత్త సంగతి చెప్పినవాడు ఆయనే. ఇంతవరకు బ్యాట్‌మ్యాన్ కామిక్ ముట్టనివారు స్నైడర్ మొదటి రెండు సంపుటాలు తెప్పించుకుంటే చాలు, ఆ కథ అక్కడికి నిండుగా ముగుస్తుంది. సినిమాల ద్వారానైనా పాత్రతో పరిచయం ఉన్నవారు కింగ్ మూడో సంపుటం నుంచి ఎనిమిదో సంపుటం వరకు కొనుక్కోవచ్చు. మొదటి రెండూ లేకపోయినా కథ అర్థమవుతుంది. ఎనిమిదో దాంట్లోనే నైట్‌వింగ్ గాయపడే భాగం కూడా ఉంది కాబట్టి, జ్యూరీ కథ కాగానే పుస్తకం మూసేసినా నష్టం లేదు. పదో సంపుటం కలలదే, దానిని ఎవరైనా చదవడానికి ఇస్తే తీసుకోవచ్చు. పన్నెండు, పదమూడు సంపుటాలు మా ఒంగోలు మిత్రుడి దగ్గర ఉన్నాయి. తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెబుతున్నాడు.