ఖిల్లా గోడ మీది రామచిలుకలూ, నా 8×42 బైనాక్యులర్సూ

హనుమకొండలోని ఒక కెమెరా దుకాణంలో నవంబరులో తొమ్మిది వేల రూపాయలకు కొన్న 8×42 (అంటే 8 రెట్లు పెద్దదిగా చూపే, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లున్న) బైనాక్యులర్స్‌ను అయిదు నెలలు వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను. 10 రెట్లదే తీసుకొమ్మని దుకాణదారు పట్టుబట్టారు. కానీ రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. పైగా 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్ల వెలుగుచుక్క (కంటి వైపు అద్దంలోంచి బయటికి వచ్చే వెలుగు వెడల్పు) తెల్లవారుజాము మసకలో కంటికి బాగా ఆనుతుంది కనుక నేను 8 దగ్గరే ఆగాను.

ఆ నిర్ణయం సరైనదని ఖిల్లా వరంగల్‌లో తేలింది. ఫిబ్రవరిలో ఒక ఉదయం రాతికోట గోడ సందు ముందు రెండు రామచిలుకలు వాలాయి. వట్టి కంటికి అవి ఆకుపచ్చ మరకలే. అద్దంలో చూస్తే ఒకదాని గడ్డం కింద మొదలైన నల్లని కంఠి మెడ వెనక్కి తిరిగేసరికి గులాబీ రంగులోకి మారడం, పై ముక్కు ఎర్రగానూ కింది ముక్కు నల్లగానూ ఉండడం స్పష్టంగా కనిపించాయి. రెండోదానికి కంఠి లేదు. అయితే కంఠి లేనిదల్లా ఆడదే అనుకోరాదు. మగపిల్లకు కూడా అది మూడో ఏడు వచ్చేవరకు సరిగా ఏర్పడదు. మొదటిది మెడ సాచి, మింగిన మేతను పైకి తెచ్చి రెండోదాని నోటికి అందించిన తరువాతనే జంట అని నిర్ధారించుకున్నాను. ఇవి సాధారణంగా మూడు నాలుగు తెల్లని గుడ్లు పెడతాయి, పొదిగే పని ప్రధానంగా ఆడదానిదే, సుమారు 23 రోజులు పడుతుంది. మార్చి చివర్లో ఆ సందులోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. రెక్కలొచ్చి ఎగరడానికి పుట్టిన నాటి నుంచి ఏడు వారాలు పడుతుంది. కోట లోపలి చేలో ఒక చిలుక మక్క కంకి ముక్కను కాలితో పట్టుకొని తింటుంటే, ముందుకు రెండు, వెనక్కి రెండుగా ఉన్న వేళ్లు కూడా లెక్కపెట్టగలిగాను.

పాకాల చెరువు కట్ట మీద ఇంకో పరీక్ష జరిగింది. అక్కడ తల ఊదా ఎరుపులో ఉన్న చిన్న చిలుకలు వేగంగా దూసుకుపోతుంటాయి; చూపు పరిధి విశాలంగా ఉండడం వల్ల వాటి తోక చివరి తెలుపు వరకు అందింది.

లోపం లేకపోలేదు. వెనుక ప్రకాశవంతమైన ఆకాశం ఉంటే పక్షి అంచున ఊదా గీత పడుతుంది. మెడ మీది సన్నని గులాబీ రంగును బట్టి పక్షిని గుర్తించాల్సిన చోట ఇది చిన్న లోపం కాదు. ఇక కంటి దగ్గరి రబ్బరు కప్పు రెండో నెలలోనే ఊడింది. బాగు చేయడానికి హైదరాబాదుకు పంపాలని, మూడు వారాలు పడుతుందని దుకాణంలో చెప్పారు. అప్పటికి గూళ్ల కాలం సగం గడిచిపోతుంది కనుక, సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకొని వాడుతున్నాను.