మోడల్‌మ్యూజా, ఫ్లోపైనా, జెమ్‌పైనా? ముందు మీ ఊరి కింద రాయి చూడండి

మహారాష్ట్రలో చంద్రపూర్, నాందేడ్, యవత్మాల్ వైపు మన తెలుగు ఇళ్ళ పిల్లలు జియాలజీలోనో సివిల్‌లోనో డిగ్రీ చేసి భూగర్భజలాల మోడలింగ్ వైపు వస్తున్నారు. వచ్చినవాళ్ళందరూ ఒకచోటే ఆగిపోతారు. "అన్నా, ఉచితంగా దొరికేటివి ఇన్ని ఉన్నయి, ఏది పట్టుకోవాలె?" అని అడుగుతారు. లైసెన్సు కొని వాడే సాఫ్ట్‌వేర్ల జోలికి ఇక్కడ పోవడం లేదు. కాలేజీ ల్యాబుల్లో పెన్‌డ్రైవ్‌ల మీద తిరిగే దొంగ కాపీల జోలికి అసలే వద్దు. వాటితో చేసిన పనిని రేపు ఏ ఆఫీసులోనూ ధైర్యంగా చూపించలేరు.

మోడల్‌మ్యూజ్, ఫ్లోపై రెండిటినీ పోటీదారులుగా చూడటం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. లెక్క చేసేది ఆ రెండూ కాదు, మోడ్‌ఫ్లో. అమెరికా జియలాజికల్ సర్వే, అంటే యూఎస్‌జీఎస్, 1980లలో మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్న ప్రోగ్రాం అది. ఆరో తరం, మోడ్‌ఫ్లో 6, 2017లో వచ్చింది. నేలను గళ్ళుగా కోసి, ఒక్కో గడిలోకి వచ్చే నీరు, పోయే నీరు, నిలవలో మారే నీరు సరిచూసుకుంటూ నీటిమట్టం కడుతుంది. దానికి కావలసినవి మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. ఆ ఫైళ్ళు తయారుచేసే దారులే మోడల్‌మ్యూజ్, ఫ్లోపై. ఒకటి తెర మీద బొమ్మ గీసి చేసేది, ఇంకొకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి చేసేది. జెమ్‌పై పని వేరు, నేల కింది రాతి పొరల త్రీడీ మోడల్ కట్టడం; దాని సంగతి తర్వాత.

మోడల్‌మ్యూజ్ కూడా యూఎస్‌జీఎస్‌దే. విండోస్ మీద నడుస్తుంది. దాని గొప్పతనం ఒక్క ముక్కలో చెప్పాలంటే, మీరు గీసిన వాగు, చెరువు, బోరు గళ్ళకు అతుక్కుని ఉండవు. 200 మీటర్ల గళ్ళతో మొదలుపెట్టి, తర్వాత 50 మీటర్లకు మార్చుకున్నా వాగు మళ్ళీ గీయక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది చాలా ఊరట. పొరల కోత పక్కనుంచి కనిపిస్తుంది, బోరు ఏ పొరలో పడిందో కనిపిస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అంటేనే టెన్షన్ పడేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టాలి. ఒక్క షరతు: రన్ అయిపోగానే అది రాసిన ఫైళ్ళను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి. చదవకపోతే మెనూలు వస్తాయి, మోడలింగ్ రాదు.

నా ఓటు మాత్రం ఫ్లోపైకి. మోడల్ ఒక్కసారి చేసి వదిలేసేది కాదు కదా. ఏటా కొత్త రీడింగులు వస్తాయి, కొత్త బోర్లు పడతాయి, వానలు మారతాయి. తెర మీద నూట యాభై చోట్ల క్లిక్ చేసి కట్టిన మోడల్‌లో ఆరు నెలల తర్వాత ఏం మార్చామో మనకే గుర్తుండదు. ఫ్లోపైలో అయితే ప్రతి నిర్ణయం ఒక లైనుగా రాసి ఉంటుంది. గైడ్ చదువుతాడు, తోటివాడు చదువుతాడు, తప్పు పట్టుకుంటాడు. ఇంకో లాభం ఉంది. సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లలు మావైపు ఇంకా చాలామందే ఉన్నారు. బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్‌లో ఫ్లోపై ఎక్కించుకుని, దానితోపాటు వచ్చే గెట్-మోడ్‌ఫ్లో కమాండ్‌తో మోడ్‌ఫ్లో దించుకుంటే, నెట్ సెంటర్‌లో కూర్చుని కూడా పని సాగుతుంది. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు, 100 మీటర్ల గళ్ళు, రెండు పొరలు అంటే 20,000 గళ్ళు. పెద్ద కంప్యూటర్ కావాలని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. రాజురా, కిన్వట్ రెండూ 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోవే. భాష, చుట్టరికాలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి కానీ కింద ఉన్న రాయి ఒకటి కాదు. కిన్వట్ వైపు ప్రధానంగా దక్కన్ ట్రాప్ బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా రాయి. రాజురాలో వార్ధా నది పక్కన గోండ్వానా ఇసుకరాళ్ళు, వాటి మధ్య బొగ్గు. కొంచెం పడమరకు పోతే గడ్‌చాందూర్, కొర్పనా సున్నపురాయి. ఇంకా ఎగువన మాణిక్‌గఢ్ గుట్టల మీద మళ్ళీ బసాల్ట్. ఏ సాఫ్ట్‌వేర్ మేలన్నది ఇక్కడ తేలుతుంది.

బసాల్ట్ ఊళ్ళలో నీళ్ళు చాలావరకు పైన ఉన్న మొరం పొరలోనూ, దాని కింద పగుళ్ళలోనూ ఉంటాయి. ఒక్కో లావా పొర పైభాగం గుల్లగా, అడుగుభాగం గట్టిగా ఉంటుంది. పొరలు దాదాపు పడుకున్నట్టే ఉంటాయి. ఇలాంటిచోట త్రీడీ జియాలజీ మోడల్ కట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ నీటి లెక్కకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మొరం ఒక పొర, పగుళ్ళ రాయి ఒక పొర, ఈ రెండు చాలు. దానికంటే ముందు ఎక్సెల్‌లోనో లిబ్రె ఆఫీస్‌లోనో ఒక చిన్న లెక్క వేయండి. ప్రభుత్వ భూగర్భజల అంచనాల్లో బసాల్ట్ స్పెసిఫిక్ ఈల్డ్, అంటే రాయి ఘనపరిమాణంలో బయటికి కారి రాగల నీటి వాటా, 2 శాతంగా తీసుకుంటారు. వానాకాలంలో బావిలో నీరు 4 మీటర్లు పెరిగితే, నేలలో చేరింది 80 మిల్లీమీటర్ల నీరు. వాన 1,000 మిల్లీమీటర్లు పడి ఉంటే అది 8 శాతం. మీ మోడల్ రీఛార్జ్, అంటే వానలోంచి భూగర్భజలంలో చేరే వాటా, 25 శాతం కావాలని మొండికేస్తే, లోపం మోడల్‌లో ఎక్కడో ఉంది.

బసాల్ట్‌తో ఇంకో తలనొప్పి ఎండాకాలంలో వస్తుంది. మే నెలలో మొరం పొర ఎండిపోతుంది, మోడల్‌లో ఆ గళ్ళూ ఎండిపోతాయి. పాత మోడ్‌ఫ్లోలో ఎండిన గడి లెక్కలోంచే తప్పుకునేది, వానొచ్చినా తిరిగి తడవడానికి మొరాయించేది. మోడ్‌ఫ్లో 6లో, ఎండిన గడిని కూడా లెక్కలోనే ఉంచే న్యూటన్ ఆప్షన్ ఆన్ చేస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. పాత పుస్తకాలు, పాత వీడియోలు మోడ్‌ఫ్లో-2005 చుట్టూ తిరుగుతాయి. మన నేలకు మాత్రం ఆరో తరంతోనే మొదలుపెట్టడం మేలు.

వార్ధా పక్కన బొగ్గు గనులున్న సాస్తి, బల్లార్‌పూర్ చుట్టుపక్కల కథ వేరు. కాంఠీ అనే ఇసుకరాయి పైన ఉంటుంది, బొగ్గు ఉండే బరాకర్ రాళ్ళు దాని కింద. పొరలు వాలుగా ఉంటాయి, ఫాల్టుల (నేలలోని చీలికల) దగ్గర తెగి కిందకో పైకో జరుగుతాయి. ఒక బోరులో 60 మీటర్ల దగ్గర తగిలిన బొగ్గు, పక్క బోరులో అసలు తగలకపోవచ్చు. జెమ్‌పై పనికొచ్చేది ఇక్కడ. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీలో పుట్టిన పైథాన్ లైబ్రరీ ఇది. ఏ పొర ఏ బోరులో ఎంత లోతున తగిలింది, వాలు ఎటు, ఎంత, ఏ ఫాల్టు ఏ పొరలను కోసింది అని చెబితే మధ్య ఖాళీలను లెక్క కట్టి పొరలు పరుస్తుంది. అక్కడి నుంచి ఒక్కో మోడ్‌ఫ్లో గడి మధ్య బిందువు ఏ రాయిలో పడిందో అడిగి, ఆ రాయి కండక్టివిటీని (నీటిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకెను) ఫ్లోపైలో నేరుగా పెట్టేయొచ్చు. రెండూ పైథానే కాబట్టి మధ్యలో ఫైళ్ళు మార్చే తిప్పలు తక్కువ. మోడల్‌మ్యూజ్‌లో అయితే ఒక్కో పొర ఉపరితలాన్ని వేరే ఫైలుగా తీసి దిగుమతి చేసుకోవాలి.

జెమ్‌పై మీద నా ఫిర్యాదు ఒకటే. మూడో వెర్షన్‌లో కోడ్ రాసే పద్ధతి బాగా మారిపోయింది. పాత పాఠాల్లోంచి కాపీ చేసింది కొత్తదానిలో నడవదు. పాఠం ఏ వెర్షన్‌దో చూసుకోకపోతే వారం పోతుంది. బోర్లు నాలుగైదే ఉంటే జెమ్‌పై వద్దు. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు పెట్టుకుని, గ్రాఫ్ కాగితం మీద రెండు అడ్డకోతలు చేత్తో గీయండి. నాలుగు బోర్లతో వచ్చిన అందమైన త్రీడీ బొమ్మను చూసి ఆఫీసర్లు మురిసిపోతారు, అదే ప్రమాదం.

గనుల దగ్గర మోడల్ నేర్చుకోవడానికి ఇంకో మంచి కారణం ఉంది. బసాల్ట్ ఊరిలో మనకు సాధారణంగా దొరికేది నీటిమట్టాలు ఒక్కటే. ఏ రైతు మోటారు ఎంత తోడిందో కొలిచే మీటరు ఉండదు. చుట్టూ నదుల్లాంటి స్థిరమైన మట్టాలు పెట్టి, తోడకం లేకుండా, కాలంతో మారని మోడల్ ఒకటి కట్టండి. రీఛార్జ్ 80, కండక్టివిటీ 2 అని పెడితే వచ్చిన మట్టాలే రీఛార్జ్ 160, కండక్టివిటీ 4 పెట్టినా వస్తాయి. ఏది నిజమో మట్టాలు చెప్పలేవు. ఎక్కడో ఒకచోట నీటి పరిమాణం తెలియాలి. ఓపెన్‌కాస్ట్ గని అడుగున సంపు నుంచి రోజూ ఎంత నీరు తోడుతున్నారో లెక్క ఉంటుంది. గని అడుగు ఎత్తును మోడ్‌ఫ్లో డ్రెయిన్ ప్యాకేజీలో పెడితే, ఎంత నీరు ఊరుతుందో మోడల్ చెబుతుంది. వానాకాలం నెలలు వదిలి, ఎండాకాలం తోడకంతో పోల్చితే మోడల్‌కు ఒక పట్టు దొరుకుతుంది. మోడల్ అంకెలను కొలతలకు సరిపోయేలా తానే సరిదిద్దే పెస్ట్ అనే ప్రోగ్రాం కూడా ఉచితమే. కానీ మట్టాలు మాత్రమే ఇచ్చి దాన్ని నడిపితే పైన చెప్పిన తికమకే ఇంకా వేగంగా వస్తుంది. 1988లో ఫ్రైబర్గ్ అనే ప్రొఫెసర్ ఒకే ఊహాత్మక జలాశయాన్ని తొమ్మిది విద్యార్థి బృందాలకు ఇచ్చి, సరిదిద్ది, తర్వాతి మార్పును ఊహించమన్నారు. కొలిచిన మట్టాలకు బాగా సరిపోయిన మోడల్ భవిష్యత్తునూ బాగా చెప్పాలని లేదని తేలింది. ఈ సంగతి తెలిశాక కొలిచిన మట్టాన్ని మోడల్ మట్టంతో పోల్చే గ్రాఫ్‌లో చుక్కలన్నీ గీత మీద పడితే గంతులేయడం మానేశాను.

క్యూజీఐఎస్ ఏ దారిలో పోయినా తప్పదు కాబట్టి దాన్ని పోటీలో పెట్టలేదు. ఒక్క జాగ్రత్త చెబుతాను. యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టి చోటు చెప్పే పద్ధతి. నాందేడ్ టౌన్ యూటీఎం 43వ జోన్‌లో పడుతుంది, కిన్వట్, రాజురా 44లో. ఒకే జిల్లా ఫైళ్ళే కదా అని కలిపేస్తే బావులు ఎక్కడో తేలతాయి. ఇంకో చిక్కు నేల ఎత్తుతో. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచి ఉచితంగా ఇస్తున్న ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. పన్నెండు మీటర్ల బావిలో నాలుగు మీటర్ల తప్పు అంటే మాటలు కాదు. వీలైతే బావి గట్టు ఎత్తు సర్వే చేయించండి. రీడింగులు కేంద్ర భూగర్భజల బోర్డు ఏటా నాలుగుసార్లు తీస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వ భూగర్భజల సంస్థ జీఎస్‌డీఏ బావులు వేరే ఉన్నాయి, ఆ పట్టికలు చాలావరకు మరాఠీలో ఉంటాయి. మరాఠీ మీడియంలో చదివిన మన పిల్లలకు ఇది హైదరాబాద్ పిల్లలకు లేని సౌకర్యం.

గడ్‌చాందూర్, కొర్పనా వాళ్ళు మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. సున్నపురాయిలో నీరు గుహల్లా కరిగిన దారుల్లో పరుగెడితే, నెమ్మదిగా ఇంకే నీటి కోసం రాసిన మామూలు మోడ్‌ఫ్లో లెక్క అక్కడ సరిగ్గా పనిచేయదు. ఆ దారుల కోసం కండ్యూట్ ఫ్లో ప్రాసెస్ అని 2008లో మోడ్‌ఫ్లో-2005కు ఒక అదనపు భాగం వచ్చింది. కానీ అది దారులు ఎక్కడున్నాయో, ఎంత వెడల్పో మనల్నే అడుగుతుంది. అది చెప్పగల సర్వే చేతిలో లేనంతవరకు, కొర్పనా పిల్లలు మొదటి మోడల్‌ను పక్క తాలూకా ఇసుకరాయి మీదో బసాల్ట్ మీదో కట్టుకోవడమే మేలు.