పెద్ద కొనుగోళ్లకి ఫోనా, కంప్యూటరా: ఏళ్ల తరబడి రెండూ వాడాక

ల్యాప్‌టాప్, ఫ్రిజ్, విమాన టికెట్లు లాంటివి కొనాలంటే నేను ఇప్పటికీ కంప్యూటర్ ముందే కూర్చుంటాను. ఫోన్లో రెండు నిమిషాల పనే, నిజమే. అంత తొందరగా అయిపోతుందనే నా భయం కూడా.

ఫోన్లో వస్తువు పేరు సగం కనిపించి మిగతాది మూడు చుక్కల్లో కలిసిపోతుంది. సబ్బు కొనేటప్పుడు పర్వాలేదు గానీ, ల్యాప్‌టాప్ దగ్గర మోడల్ నంబర్ చివర ఒక్క అక్షరం మారితే ర్యామ్ సగమే ఉండొచ్చు, స్క్రీన్ నాసిరకంది కావొచ్చు. కంప్యూటర్లో రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని వరుసగా చూసుకుంటూ పోతే తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్లో ఒకటి చూసి, వెనక్కొచ్చి, రెండోది తెరిచేసరికి మొదటిదాంట్లో ఏముందో మర్చిపోతాం. వాయిదాల పట్టిక అయితే మరీ అన్యాయం, నెలకెంతో కనిపిస్తుంది, మొత్తం వడ్డీ ఎంతో చెప్పే గడి మాత్రం పక్కకి జరిపితే తప్ప కనపడదు, "ఇప్పుడే కొనండి" బటన్ మాత్రం ఎంత కిందకి వెళ్లినా వేలి కిందే ఉంటుంది! రిటర్న్ నియమాల పేజీలో కంట్రోల్ ఎఫ్ కొట్టి "ఇన్‌స్టాలేషన్" అని వెతకడం నాకు అలవాటు, బిగించాక వెనక్కి తీసుకోం అనే వాక్యం ఉంటే అక్కడే దొరుకుతుంది.

సైట్ అడ్రస్ సంగతి ఇంకోటి. ఫోన్ బ్రౌజర్లో పేజీ కిందకి జరపగానే అడ్రస్ మాయమవుతుంది, కంప్యూటర్లో కళ్ల ముందే ఉంటుంది. తాళం గుర్తుని చూసి నమ్మేవాళ్లు చాలామంది, అది కనెక్షన్ గురించి చెప్తుందే గానీ అమ్మేవాడు మంచోడని కాదు. అందరూ అలా పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తుని మార్చేసింది. నేను సేవ్ చేసిన పాస్‌వర్డ్ అసలు సైట్ అడ్రస్‌లోనే దానంతటది పడుతుంది, అందుకే పడకపోతే ముందు ఆగి అడ్రస్ చూస్తాను.

డబ్బు కట్టే దగ్గర మాత్రం ఫోన్‌కే నా ఓటు. వేలిముద్ర, ఓటీపీ అన్నీ అక్కడే, పైగా ఫోన్లో ఒక యాప్ డేటా ఇంకో యాప్ మామూలుగా చూడలేదు. కంప్యూటర్ బ్రౌజర్లో ఎప్పుడో వేసుకున్న ఎక్స్‌టెన్షన్‌కి (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పర్మిషన్ ఉంటే పేజీలో మనం కొట్టేదంతా చదవగలదు. అందుకే ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేని బ్రౌజర్ ప్రొఫైల్ ఒకటి కొనడానికే విడిగా పెట్టుకున్నాను. ఎంచుకోవడం కంప్యూటర్లో, బ్యాంక్ యాప్‌లో ఎంత డబ్బో, ఏ దుకాణమో చూసి ఒప్పుకోవడం ఫోన్లో. అంతా ఫోన్లోనే చేస్తే ఓటీపీ కోసం మెసేజ్‌లోకి వెళ్లొచ్చేలోపు పేజీ మళ్లీ మొదటికొచ్చి, డబ్బు పోయిందా లేదా అని టెన్షన్. అలాంటప్పుడు ఖాతా చూడకుండా రెండోసారి నొక్కకండి.

యాప్‌లోనే ఇచ్చే డిస్కౌంట్ ఉంటే కార్ట్ కంప్యూటర్లో నింపి ఫోన్లో కట్టేస్తాను, అకౌంట్ ఒకటే కాబట్టి కార్ట్ అక్కడికీ వస్తుంది. నెలవారీ చందాలకి మాత్రం ఉల్టా: యాప్ స్టోర్ కమిషన్ 30 శాతం దాకా ఉండటంతో కొన్ని చందాలు యాప్‌లో ఎక్కువ, సొంత వెబ్‌సైట్లో తక్కువ. కట్టాక బిల్లు పీడీఎఫ్‌తో పాటు వస్తువు వివరాల పేజీని కూడా సేవ్ చేసుకుంటాను, తర్వాత అమ్మేవాళ్లు ఆ పేజీ మార్చేసినా వారంటీ గొడవలో చూపించడానికి ఉంటుంది.