మేత కొట్టు లెక్కలకి గ్రెప్: మూడు నెలలు వాడాక

మాది ఆకివీడు దగ్గర రొయ్యల మేత కొట్టు. ఆర్డర్లన్నీ వాట్సాప్ గ్రూపులోనే. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యాక లెక్క తేల్చేటప్పుడు మొదలవుతుంది రగడ: "అన్ని బస్తాలు నేనెప్పుడు తీసుకున్నానండీ?" ఇక ఫోను పట్టుకుని వెనక్కి లాక్కుంటూ పోవడమే. మా మేనల్లుడు ఒక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటి లినక్స్ ఎక్కించి, "మావయ్యా, గ్రూపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇందులో పడెయ్, గ్రెప్ చూసుకుంటుంది" అన్నాడు.

గ్రెప్ అంటే ఫైల్లో మనం అడిగిన మాట ఉన్న లైన్లు ఏరిపెట్టే కమాండు. ఖరీదు లేదు. 1973లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ అనే ఆయన రాసిందట, నాకంటే రెండేళ్ళు పెద్దది. నల్ల తెర చూసి భయపడ్డాను గానీ, చెయ్యాల్సింది ఇంతే: గ్రెప్ అని కొట్టి, ఖాళీ వదిలి, వెతికే మాట, మళ్ళీ ఖాళీ, ఫైలు పేరు. ఆ మాట ఉన్న లైన్లన్నీ గబగబా తెర మీద పడతాయి. రెండు మాటలు కలిపి వెతకాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి, లేకపోతే రెండో మాటని ఫైలు పేరనుకుని అలాంటి ఫైలు లేదంటుంది.

మా వేపు 'రాజు' అని వెతికితే సగం గ్రూపు వచ్చేస్తుంది. అక్కడే నిలువు గీత (|) పనికొచ్చింది. గ్రెప్ రాజు, ఫైలు పేరు, నిలువు గీత, గ్రెప్ బస్త. మొదటిదాంట్లోంచి వచ్చిన లైన్లు తూములోంచి నీళ్ళలా రెండోదాంట్లోకి పారతాయి. 'బస్తా' అని కాక 'బస్త' అని ఎందుకంటే, కంప్యూటర్‌కి దీర్ఘం విడిగా చివర తగిలించిన గుర్తు. అది వదిలేస్తే బస్తా, బస్తాలు, తొందర్లో కొట్టిన బస్తలు అన్నీ దొరుకుతాయి. ఈ కిటుకు నాకెవరూ చెప్పలేదు, నేనే పట్టాను. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే కుర్రాళ్ళతోనే చిక్కు. ఒకడు పెద్దక్షరాలు, ఒకడు చిన్నవి. గ్రెప్ పక్కన హైఫన్ ఐ (-i) పెడితే ఆ తేడా పట్టించుకోదు. స్పెల్లింగు తేడాలకి మాత్రం హైఫన్ పెద్ద ఈ పెట్టి, కొటేషన్లో ఆ రకాలన్నీ మధ్యలో నిలువు గీతలతో రాసుకోవాల్సిందే. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెట్టేవాళ్ళని తీసెయ్యడానికి హైఫన్ వి: ఆ మాట లేని లైన్లే చూపిస్తుంది. హైఫన్ సి లెక్క చెబుతుంది. అది లైన్ల లెక్క, ఒకే లైన్లో మాట మూడుసార్లున్నా ఒకటే.

ఒకసారి ఫైలే పోగొట్టుకున్నాను. ఏరిన లైన్లని బాణం గుర్తుతో (>) మళ్ళీ అదే ఫైలు పేరుకి పంపాను. గ్రెప్ చదవకముందే ఫైలు ఖాళీ అయిపోయింది. చాట్ ఫోన్లో ఉంది కాబట్టి బతికిపోయాను. ఫలితం ఎప్పుడూ కొత్త పేరుతోనే దాచుకోండి.

ఐదుకి నాలుగిస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే, దానికి లైనే తెలుసు, మెసేజ్ తెలియదు.

పోయిన నెల ఒకాయన వచ్చి తను తీసుకున్నది 40 బస్తాలే అన్నాడు. మా పద్దులో 60. చాట్ చూసి పద్దు రాసుకోవడం మా అలవాటు. ఆయన ముందే ల్యాప్‌టాప్ తెరిచి, పేరు, గీత, బస్త కొట్టాను. మూడు లైన్లు, ఒక్కోదాంట్లో 20. "చూడండి" అన్నాను గర్వంగా. ఆయన కదల్లేదు. పక్కనున్న మేనల్లుడు హైఫన్, పెద్ద ఏ, 1 తగిలించి పేరు ఒక్కటే వెతికాడు. అలా అయితే దొరికిన ప్రతి లైను కిందా ఇంకో లైను చూపిస్తుందట. ఎక్స్‌పోర్ట్ ఫైల్లో తేదీ, పేరు మెసేజ్ మొదటి లైనుకే ఉంటాయి. ఎంటర్ కొట్టి రాసిన రెండో లైనుకి ఉండవు. మూడో మెసేజ్ మొదటి లైను "రేపు 20 బస్తాలు అన్నాను కదండీ". దాని కింద: "అవి ఆపెయ్యండి, పట్టుబడి పెట్టేశాం".

పద్దులోంచి 20 బస్తాలు కొట్టేశాను. ఆయన "ఆయ్, నేనదే చెబుతున్నానండీ" అని టీ తాగి వెళ్ళాడు.