గోడలకీ, మిద్దె తోటకీ, కొబ్బరి చిప్పలకీ ఒకే డ్రిల్లింగ్ మిషన్: ఐదేళ్ల వాడకం తర్వాత

2021 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న మిషన్ ఇది. 600 వాట్లు, బిట్టు (రంధ్రం వేసే పుల్ల) బిగించే 13 ఎంఎం చక్, తిరుగుతూనే గోడని కొట్టే హ్యామర్ ఉంది, స్పీడు తగ్గించుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. బ్యాటరీది కాదు, వైరుది. కొన్నది ఒక్క కర్టెన్ రాడ్డు బిగించడానికి. ఇప్పుడది లేకుండా మా ఇంట్లో వసంతం గడవదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మల్కాజిగిరిలో పాత ఇల్లు. పైన మేము, కింద అద్దెకున్నవాళ్లు, మిద్దె మీద తోట. నాది బ్యాంకు ఉద్యోగం కాబట్టి మార్చి అంటే ఇయర్ ఎండింగ్. సరిగ్గా ఆ నెలలోనే మల్లె మొగ్గ తొడుగుతుంది, వేప పూస్తుంది, ఏడాదంతా కళ్లబడని గోడ పగుళ్లన్నీ ఉగాది పేరు చెప్పి ఒక్కసారి కనిపిస్తాయి. కార్తీకం నుంచి దాచిన కొబ్బరి చిప్పలు సంచి నిండా ఉంటాయి. నా చేతికి దొరికేవి ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం. మూడు పనులూ వాటిలోనే ఇమడాలి.

ఈ మిషన్ నా మనసు గెలుచుకుంది చిప్పల దగ్గరే. మొక్కలు వేలాడదీసే చిన్న కుండీలు చేస్తాను. అంచుకు ఒక సెంటీమీటరు కింద, సమాన దూరంలో మూడు రంధ్రాలు, తాడు కోసం. అడుగున ఒకటి, నీళ్లు పోవడానికి. చిప్పకుండే మూడు కళ్లలో ఒకటి మెత్తగా ఉంటుంది, మొలక వచ్చేది అందులోంచే. దానికి మిషన్ అక్కర్లేదు, మేకుతో పొడిస్తే చాలు. మిగతాచోట్ల హ్యామర్ ఆపేసి, బాగా నెమ్మదిగా తిప్పాలి. లోపలివైపు ఒక చెక్కముక్క ఆనించాలి, లేకపోతే బిట్టు బయటికొచ్చేటప్పుడు పెళ్ల ఊడిపోతుంది. వేగం ఎక్కువైతే ముందు ముక్కుకే తెలుస్తుంది, మాడిన కొబ్బరి వాసన వచ్చి నల్లటి పొడి రాలుతుంది. అప్పుడు ఆపి, బిట్టు చల్లారాక మళ్లీ మొదలుపెడతాను. ఆ పొడి గొంతులో పడితే రెండు రోజులు దగ్గు వదలదు. మాస్కు కట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. తర్వాత ఉప్పుకాగితం 80, 120, 220 నంబర్ల వరసలో రుద్ది, కాస్త కొబ్బరినూనె రాస్తే చిప్ప బెల్లంపాకం రంగుకొస్తుంది. తాడు బేగంబజార్‌లో కిలో లెక్కన తెచ్చుకున్న నూలుది. ఒక్క మాట, ఈ చిప్పల్ని ఎండలో పెట్టొద్దు. మన ఏప్రిల్ ఎండకు నిలువునా పగులుతాయి. నావి ఉత్తరం బాల్కనీ నీడలోనే ఉంటాయి.

తోటలో దీని పని చిన్నదే గానీ చాలా అవసరమైంది. ఇంటికి రంగులేయించిన ప్రతిసారీ ఖాళీ అయ్యే 20 లీటర్ల పెయింటు బకెట్లే నాకు తొట్లు. అడుగున రంధ్రాలు పెడితే బకెట్టు నేలకు ఆనుకుని అవి మూసుకుపోతాయి. అందుకే అడుగుకి అంగుళం పైన, చుట్టూ పక్కలకి ఐదారు వేస్తాను, 10 ఎంఎం బిట్టుతో. ఇక్కడా నెమ్మదే. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి బిట్టుకి చుట్టుకుంటుంది. మట్టి కుండీకైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గోడలకి వాడే బిట్టే హ్యామర్ లేకుండా వాడతాను. ఐదేళ్లలో పగిలినవి రెండే.

ఇక గోడలు. ఇటుక గోడకు ఈ మిషన్ బంగారం. 6 ఎంఎం బిట్టుతో అరనిమిషంలో రంధ్రం, ప్లగ్గు, స్క్రూ, అయిపోతుంది. టైల్స్ మీద కాగితపు టేపు అంటించి, పింగాణీ పొర దాటేదాకా హ్యామర్ వేయకుండా తిప్పితే బిట్టు జారదు, టైలు పగలదు. కానీ కిటికీ పైన లింటెల్ (కాంక్రీటు దిమ్మె) దగ్గర చేతులెత్తేసింది. కాంక్రీటులో సెంటీమీటరు దిగి ఆగిపోయింది, బిట్టు కొన ఎర్రబడింది, నా భుజం రెండు రోజులు నొప్పి. ఆ కర్టెన్ రాడ్డు కోసమే కొన్నాను కదా, చివరికి దానికే పెద్ద మిషన్ ఉన్న మనిషిని పిలవాల్సి వచ్చింది. స్లాబు, పిల్లరు, బీము పని ఎక్కువున్నవాళ్లు ఈ రకం కొనొద్దు.

అసలు దెబ్బ తగిలింది 2022లో. తప్పు మిషన్‌ది కాదు, నాది. మార్చి చివర ఎండకు టమాటా పూతంతా రాలిపోతుంటే గ్రీన్ నెట్ కట్టాలని తొందరపడ్డాను. పైపుల కాళ్లు నిలబెట్టడానికి మిద్దె నేల పైపొరలోనే ఎనిమిది రంధ్రాలు వేసేశాను. రెండు గంటల్లో పనైపోయింది, నెట్ చక్కగా నిలబడింది. జూలై వానలకి పడకగది సీలింగు మీద అరచెయ్యంత తడి మచ్చ వచ్చింది. వారానికి అది చాటంత అయింది. రంధ్రాలు గ్రౌటుతో నింపించి, పైన వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించి, లోపల ఉబ్బిన పుట్టీ గీకించి మళ్లీ రంగు వేయించేసరికి దసరా దగ్గరపడింది. తోట పని కాస్తా ఇంటి పని అయి కూర్చుంది. ఆ ఏడు ఒక్క చిప్ప కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు పైపులు కాంక్రీటు పోసిన పెయింటు బకెట్లలో నిలబడి ఉన్నాయి. దయచేసి మిద్దె మీద కిందికి ఒక్క రంధ్రం కూడా వేయకండి.

అప్పటినుంచి వరస మార్చాను. మొదట ఉగాదిని అన్నిటికీ గడువుగా పెట్టుకునేదాన్ని. అది చంద్రుణ్ణి బట్టి వచ్చే పండగ, 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. ఎండ మాత్రం పంచాంగం కోసం ఆగదు. అందుకని బెండ, బీర, గోరుచిక్కుడు విత్తనాలు ఫిబ్రవరి మొదటి వారంలోపే మట్టిలో పడాలి, మల్లె కొమ్మలు జనవరి చివరకే కత్తిరించాలి. తొట్ల రంధ్రాలు సంక్రాంతి సెలవుల్లోనే వేసి పెట్టుకుంటాను. గోడలకి మాత్రం ఉగాది గడువు. చిప్పలకి గడువే లేదు, కరెంటుండి చేతిలో ఓపిక ఉన్న ఏ సాయంత్రమైనా సరే.

ఇందులో ఇంకో చిక్కు, చప్పుడు. వసంతం అంటే మన ఊళ్లో పరీక్షల కాలం కూడా. కింద అద్దెకున్నవాళ్ల అమ్మాయి ఇంటర్ రాస్తోంది. నేను మిషన్ తీయడానికే జంకుతుంటే తనే పైకొచ్చి చెప్పింది: "ఆంటీ, తొమ్మిదింటికల్ల నేను సెంటర్‌ల ఉంట. పన్నెండు దాక మీరు ఎంతసేపు కొట్టుకుంటరో కొట్టుకోండ్రి." ఆ మాట పట్టుకుని ఒక శనివారం సెలవులో మూడు గంటల్లో గోడల రంధ్రాలన్నీ ఒకేసారి వేసేశాను. వారానికొకటి చొప్పున చేస్తే నాలుగు ఆదివారాలు పట్టే పని. ముందురోజు రాత్రే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవడం, బిట్టు సైజు పక్కనే రాసుకోవడం వల్లే అది కుదిరింది.

రిపేరు ఒకేసారి వచ్చింది, 2023లో. పుట్టీ కలపడానికి చక్‌లో కలిపే కడ్డీ బిగించి వాడాను. మూడో బకెట్టుకి పొగ వాసన వచ్చి ఆగిపోయింది. చిక్కటి పుట్టీ కలపడం ఈ సైజు మోటారు మోసే బరువు కాదు. సర్వీసు సెంటరులో మూడు వారాలు ఉంచుకుని మోటారు మార్చాలన్నారు. వెనక్కి తెచ్చి రాణిగంజ్‌లో ఒక చిన్న షాపులో చూపిస్తే ఆయన విప్పి, అరిగి కాలిపోయిన కార్బన్లు (మోటారుకి కరెంటు అందించే చిన్న బొగ్గుముక్కలు) నా చేతిలో పెట్టాడు. కొత్త జత వేయడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటినుంచి మళ్లీ ఆగలేదు. ఇంట్లో ఒక జత కార్బన్లు ఎప్పుడూ ఉంచుకుంటున్నాను.

కొనేవాళ్లు వాట్ల కంటే ముందు స్పీడు మీటను చూడండి. వేలు కొద్దిగా నొక్కితే నిజంగా నెమ్మదిగా తిరగాలి, చిప్పలకీ ప్లాస్టిక్‌కీ ప్రాణం అదే. నా మిషన్‌కి వైరు పొట్టిది, మిద్దె మీదికి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగక తప్పడం లేదు. చక్ బిగించే తాళంచెవి వైరుకే కట్టేసుకోండి. నేను రెండు పోగొట్టాను. ఇటుక ఇల్లు, నాలుగు తొట్లు, చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకి నా లెక్కన ఐదుకి నాలుగు.

చివరి పరీక్ష అయిన సాయంత్రం ఆ అమ్మాయి చిప్ప కావాలని పైకొచ్చింది. ఒక రంధ్రం నేను వేసి చూపించాను, మిగతా రెండూ తనే వేసింది, ఒక్క పెళ్ల ఊడలేదు. మనీప్లాంటు కొమ్మ పెట్టి ఇచ్చాను. వాళ్ల గదిలో కొక్కెం ఇంకా బిగించలేదు, ఆ గోడలో కరెంటు పైపు ఎటు పోయిందో ముందు చూడాలి.