బోన్సాయ్ కత్తెర పట్టడానికి జేడ్ మొక్క: మూడేళ్ల వాడకం తర్వాత

చెట్టును కుండీలో పొట్టిగా తీర్చిదిద్దే బోన్సాయ్ నేర్చుకోవడానికి నేను వాడిన మొక్క, నర్సరీల్లో జేడ్ అని అమ్మే చిన్నాకుల పోర్చులకేరియా ఆఫ్రా గురించే ఇది. దళసరి ఆకుల క్రాసులా వేరే మొక్క. చవక, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, సరే. మెచ్చుకోవాల్సింది దాని కణుపులను.

ఆకులు జంటలుగా వస్తాయి. ఒక జంట తూర్పు పడమరలకు ఉంటే దాని పైది ఉత్తర దక్షిణాలకు ఉంటుంది. ఏ కణుపు పైన కోస్తే అక్కడి రెండు ఆకుల మొదళ్ల నుంచి చిగుళ్లు ఆ దిక్కులకే బయల్దేరతాయి. అక్కర్లేనిదాన్ని గిల్లేస్తే కొమ్మ మలుపు తిరిగినట్టే. మంచి ఎండ ఉంటే రెండు మూడు వారాల్లో తప్పో ఒప్పో తేలిపోతుంది. కణుపుకి ఆనించి కోయకుండా నాలుగైదు మిల్లీమీటర్లు వదలాలి. ఆ మోడు ఎండి దానంతటదే రాలుతుంది.

వైరుతో వంచడం దీనిమీద నేర్చుకోవచ్చని మొదట్లో అనిపించింది. నీరు పట్టిన కొమ్మ మాత్రం పుటుక్కున విరుగుతుంది. నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, కొమ్మ కాస్త వాడాక 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు చుట్టాలి. నెల దాటకముందే కత్తిరించి తీసేయాలి, లేకపోతే బెరడులో దిగబడుతుంది.

దీనితో నాకు అసలు కోపం వేళ్ల దగ్గర. కుండీ మార్చి వేళ్లు కోసిన రోజే నీళ్లు పోయడం మిగతా మొక్కలకు మామూలే. దీనికి అలా పోస్తే కోసిన చోట కుళ్లు పడుతుంది. పైకి కనిపించేది ఆకుల ముడత. దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం, అక్కడితో అయిపోతుంది. మట్టి తడిగా ఉండీ ఆకు ముడతపడితే వేళ్లు పోయాయనే లెక్క. అప్పుడు కాండాన్ని లోపల పచ్చగా కనిపించేదాకా పైకి కోసుకుంటూ పోయి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మిశ్రమంలో గుచ్చి, వారం తర్వాతే తడపాలి. ఆ మిశ్రమానికి నలిపిన ఇటుక రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు అరపాలు, అన్నీ జల్లెడ పట్టినవి. కుండీ మార్చేటప్పుడు నర్సరీ సంచిలోని ఎర్రమట్టి ముద్ద ఒక్క వేరుకీ అంటకుండా వదిలించాలి. జూలై ముసురులో ఈ పని పెట్టుకోవద్దు.

ఎదిగే వేగం కూడా కొమ్మలకే, మానుకు కాదు. చిన్న కుండీలో మాను లావెక్కదు. లావెక్కాలంటే పెద్ద తొట్టిలో వేసి, కిందికొమ్మ ఒకదాన్ని కోయకుండా బారుగా వదిలేయాలి. మట్టి పైన పరుచుకునే వేళ్లు తీర్చిదిద్దడం నేర్చుకోవాలంటే జువ్వో మర్రో పక్కన ఉండాల్సిందే.

డాబా మీద ఆరుగంటల ఎండ, నీళ్లు మర్చిపోయే అలవాటు, రెండూ ఉన్న ఇంట్లో దీన్ని వాడాను కాబట్టి నచ్చింది. రోజూ పొద్దున్నే మగ్గు పట్టుకునే చెయ్యయితే జువ్వితోనే మొదలుపెట్టడం నయమేమో.